నీకేం తెలీదు? సైన్యం అడుగుతుంది, మన కాలేజీ అడగదు

మిలటరీ అకాడమీ అనగానే మనవాళ్ళ కళ్ళముందు కనపడేవి గుండు, బూట్లు, తెల్లారగట్ల డ్రిల్లు, "యెస్ సర్". చెప్పింది చెయ్యడం తప్ప సొంతంగా ఆలోచించే పనిలేని చోటని మన గట్టి నమ్మకం. "మావాడు బుర్రతో పనిచేసే రకమండీ, మిలటరీకి పనికిరాడు" అని గర్వంగా చెప్పుకునే తండ్రులు మన వీధికి పదిమంది దొరుకుతారు. బుర్రతో పనిచేసే ఆ కుర్రాణ్ణి తీసుకెళ్ళి ఇంజినీరింగు కాలేజీలో వేస్తాం. వాడు నాలుగేళ్ళు ఆల్-ఇన్-వన్‌లు చదివి, చివర్లో ఎవరో రాసిన ప్రాజెక్టు మీద తన పేరు అంటించుకుని బయటికొస్తాడు.

ఈ టపాలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే ముక్క. విధేయతకి మారుపేరైన ఒక నేవీ అకాడమీ తన ఇరవయ్యేళ్ళ పిల్లల్ని పిలిచి "నీకేం తెలీదో చెప్పు, అది ఎలా తెలుసుకుంటావో కాగితం మీద పెట్టు" అని అడుగుతోంది. జ్ఞానం పంచడమే మా పని అని గేటు మీద రాసుకున్న మన కాలేజీలు నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగవు. అడక్కపోయినా ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే ఆ పిల్లల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే మన పరిశ్రమా అడగదు.

ముందు సంగతేంటో చెప్తాను. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం, అనాపొలిస్ అనే ఊళ్ళో వాళ్ళ నేవల్ అకాడమీ ఉంది. 1845లో పెట్టారు. నాలుగేళ్ళ డిగ్రీ, ఫీజు లేదు, నెలనెలా కొంత జీతం కూడా. బదులుగా చదువయ్యాక కనీసం ఐదేళ్ళు నౌకాదళంలోనో మెరైన్ కోర్‌లోనో ఆఫీసరుగా పనిచెయ్యాలి. విద్యార్థులు మొత్తం కలిపి నాలుగువేల పైచిలుకు. అక్కడ 1963 నుంచి ట్రైడెంట్ స్కాలర్ ప్రోగ్రాం అని ఒకటి నడుస్తోంది. ట్రైడెంట్ అంటే మన త్రిశూలమే, కాకపోతే వాళ్ళ సముద్రదేవుడి చేతిలోది. ఆ పేరు వినగానే సబ్‌మెరీన్ నుంచి వదిలే క్షిపణి గుర్తొస్తుంది గానీ, 1963 నాటికి ఆ క్షిపణి ఇంకా పుట్టలేదు. ఆ అకాడమీ లాటిన్ నినాదంలోనే త్రిశూలం ఉంది. సముద్రం మీద బలం చదువులోంచే వస్తుందని దాని తాత్పర్యం.

పద్ధతి ఇదీ. మూడో ఏడు మొదటి సెమిస్టరు అయ్యేసరికి క్లాసులో పైన ఉన్న పదిశాతం మందికి దరఖాస్తు చేసుకోమని పిలుపొస్తుంది. మార్కుల పని అక్కడితో సరి. ఆ తర్వాత ఎవరికి వారు ఒక పరిశోధనాంశం ఎంచుకుని, దానికి గైడుగా ఉండే ప్రొఫెసర్ని వెతుక్కుని, ప్రపోజల్ రాసి కమిటీకి ఇవ్వాలి. వెయ్యిమందికి పైగా ఉండే బ్యాచిలో చివరికి ఎంపికయ్యేది అటూ ఇటూగా ఓ పదిమంది. వాళ్ళకి నాలుగో ఏట కోర్సులు తగ్గించి, ఆ టైమంతా పరిశోధనకి ఇస్తారు. డ్రిల్లు, డ్యూటీలు మాత్రం ఎక్కడికీ పోవు. ఏడాది చివర రిపోర్టు రాసి, నలుగురి ముందూ నిలబడి సమర్థించుకోవాలి. ఆ రిపోర్టుకి ఒక నంబరు పడుతుంది, లైబ్రరీకి ఎక్కుతుంది, చాలావరకు ఎవరైనా చదువుకునేలా బయట దొరుకుతుంది. ఇంజినీరింగే ఉండాలని లేదు. గణితం, సముద్రశాస్త్రం, ఆర్థికశాస్త్రం, చరిత్రల్లో చేసినవాళ్ళూ ఉన్నారు.

సరే, ఇందులో అంత గొప్పేముంది అంటారా? గొప్పంతా ఆ దరఖాస్తులోనే ఉంది.

మన దరఖాస్తులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. పేరు, తండ్రి పేరు, కులం, పదోతరగతి మార్కులు, ఇంటరు మార్కులు, ర్యాంకు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు. అంటే ఇప్పటిదాకా నువ్వేం సాధించావో చెప్పు అని. పరిశోధన దరఖాస్తు అందుకు తలకిందులు. ఇప్పటిదాకా నువ్వేం చెయ్యలేదో, అసలు ఎవరూ ఏం చెయ్యలేదో చెప్పమంటుంది.

ఊరికే ఊహించుకుందాం. ఒక కుర్రాడికి నీళ్ళలో తిరిగే రోబోలంటే పిచ్చి. "నీటి అడుగున రోబోలు" అని రాసుకెళ్తే ఏ ప్రొఫెసరూ ఒప్పుకోడు. అది ప్రశ్న కాదు, విషయం. అప్పుడు కూచుని చదవాలి. ఇంతకుముందు ఎవరు ఏం చేశారు, ఎక్కడ ఆగిపోయారు? నీటిలో రేడియో తరంగాలు దూరం పోవు కాబట్టి శబ్దంతో మాట్లాడుకోవాలి. శబ్దం నెమ్మది, పైగా అడుగుకీ ఉపరితలానికీ తగిలి ప్రతిధ్వనులొస్తాయి. మరి లోతు తక్కువున్న చోట రెండు రోబోలు ఒకదాన్నొకటి ఎంత కచ్చితంగా గుర్తుపట్టగలవు? ఇప్పుడది ప్రశ్న. దాన్ని కొలవాలంటే ఏ ట్యాంకు కావాలి, ఏ పరికరం కావాలి, డబ్బెంత, అక్టోబరుకి ఏం అవ్వాలి, జనవరికి ఏం అవ్వాలి, జనవరిలో చేతులెత్తేస్తే రెండో దారేంటి? ఇవన్నీ పరిశోధన మొదలవ్వక ముందే రాయాలి. ఇరవయ్యొక్కేళ్ళ వయసులో, ఉదయం డ్రిల్లు, సాయంత్రం ఆటలు, మధ్యలో మామూలు క్లాసుల నడుమ ఇరికించుకుని రాయాలి.

మీరు సాఫ్ట్‌వేర్ వాళ్ళైతే ఇది ఎక్కడో చూసినట్టు అనిపిస్తుంది. మంచి డిజైన్ డాక్యుమెంటు ఇలాగే ఉంటుంది. సమస్యేంటి, ఇది మన పరిధిలోకి రానిదేంటి, రిస్కులేంటి, అనుకున్నది కాకపోతే ఏం చేస్తాం. పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళతో అలాంటిది ఒక్కటి రాయించడానికి మన టీముల్లో ఎంత అవస్థ పడతామో నేను చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి గమనించండి. ఆ పిల్లలకి ఉద్యోగం బెంగ లేదు. మూడో ఏడు మొదలవుతూనే సంతకం పెట్టేస్తారు, చదువు పూర్తిచేసి సర్వీసులో చేరతామని. డిగ్రీ వస్తే ఆఫీసరు ఉద్యోగం ఖాయం. ప్లేస్‌మెంట్ సెల్లు లేదు, ప్యాకేజీ లేదు. ట్రైడెంట్ చేసినా చెయ్యకపోయినా చేరిన రోజున వచ్చే హోదా అదే, జీతం అదే. పైచదువులకి వెళ్ళాలనుకునేవాళ్ళకి కొంత ఉపయోగం ఉంటుంది, కాదనను. అయినా ఉద్యోగం చేతిలో ఉన్నవాడు, హాయిగా ఆఖరి ఏడాది గడిపేసే వీలున్నవాడు, ఏరికోరి ఈ బరువెందుకు ఎత్తుకుంటున్నాడు? "పరిశోధన చేస్తే ఏమొస్తుంది?" అనే మన జాతీయ ప్రశ్నకి ఇక్కడ జవాబు దొరకదు. ఆ ప్రశ్న అడగని చోటే పరిశోధన జరుగుతుంది.

ఇక మన వైభోగం చూద్దాం.

ఫైనలియర్ ప్రాజెక్టు. నలుగురు కలిసి ఒక బ్యాచి. ఒకడికి పని వచ్చు, ఒకడికి బండి ఉంది, ఒకడు డబ్బులు పోగుచేస్తాడు, నాలుగోవాడు వైవా రోజున కనపడతాడు. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్లెక్కితే లిస్టు చేతిలో పెడతారు. బేస్ పేపరుతో ఒక రేటు, కోడుతో ఒక రేటు, డాక్యుమెంటేషను, వైవాకి ట్రైనింగు కలిపితే ఇంకో రేటు. ఒకప్పుడు జావా, డాట్‌నెట్ అని బోర్డులుండేవి, తర్వాత మెషిన్ లెర్నింగ్, బ్లాక్‌చెయిన్ అని మార్చారు. బోర్డు మారింది గానీ సరుకు మారలేదు. డాక్యుమెంటు తెరవగానే "ఎగ్జిస్టింగ్ సిస్టమ్", ఆ వెంటనే "ప్రపోజ్డ్ సిస్టమ్". ఎగ్జిస్టింగ్ సిస్టమ్ ఎప్పుడూ మాన్యువలే, ఎప్పుడూ టైమ్ కన్స్యూమింగే. ప్రపోజ్డ్ సిస్టమ్ ఎప్పుడూ యూజర్ ఫ్రెండ్లీయే. అడ్మిన్ మాడ్యూలు, యూజర్ మాడ్యూలు, లాగిన్ పేజీ. చివర్లో "ఫ్యూచర్ ఎన్‌హాన్స్‌మెంట్స్" అని అర పేజీ. ఆ భవిష్యత్తు తరాలు మారినా రాలేదు.

ప్రపోజ్డ్ సిస్టమ్ అన్నమాటకే ఏడవాలో నవ్వాలో తెలీదు. ఎవరు ప్రపోజ్ చేశారు? ఎవరికి చేశారు? కాదనే అధికారం ఎవరికైనా ఉందా? కమిటీ తిరస్కరించని ప్రపోజల్ ప్రపోజలే కాదు.

పేరెందుకులెండి, ఆ మధ్య ఒక కాలేజీలో ప్రాజెక్టు ఎక్స్‌పోకి జడ్జిగా పిలిచారు. మొహం చూసి హాజరు వేసే ప్రాజెక్టు మూడు బ్యాచిలు పెట్టాయి. స్క్రీన్ల మీద రంగులు తప్ప తేడా లేదు. "వెలుతురు తక్కువుంటే ఎన్నిసార్లు తప్పు చేస్తోంది?" అని అడిగాను. మొదటి బ్యాచి "ఆల్ మాడ్యూల్స్ వర్కింగ్ సర్" అంది. రెండో బ్యాచి గైడు వంక చూసింది. మూడో బ్యాచిలో ఒకమ్మాయి మాత్రం "మా హాస్టల్లో రాత్రిపూట అసలు పనిచెయ్యలేదు సర్, ఎందుకో తెలీదు" అంది. ఆ అమ్మాయి గైడుగారు గబుక్కున అడ్డం పడి "అదేం లేదు సర్, కెమెరా ప్రాబ్లం" అని సర్దేశారు. మొత్తం ఎక్స్‌పోలో నాకు వినపడిన ఒకే ఒక్క పరిశోధన వాక్యం అది. దాన్ని మూయించింది గైడు.

ఇదీ నా అసలు కోపం. పిల్లలకి తెలివి లేక కాదు. "తెలీదు" అన్న మాట నోట్లోంచి రాగానే మార్కులు తెగే వ్యవస్థలో వాళ్ళు పెరిగారు. తెలీదు అనడం దగ్గరే పరిశోధన దరఖాస్తు మొదలవుతుంది. మనం మొదటి అక్షరమే చెరిపేశాం.

ప్రభుత్వం ప్రయత్నించలేదా అంటే ప్రయత్నించింది. 1999లో కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన మొదలుపెట్టారు, చిన్న వయసులోనే పిల్లల్ని పరిశోధన వైపు లాగడానికి. మంచి ఉద్దేశం. కానీ ఎంపికకి పరీక్ష పెట్టారు. పరీక్ష అన్నాక మనం ఊరుకుంటామా? కార్పొరేట్ కాలేజీలు దానికీ కోచింగు పెట్టాయి, దాని ర్యాంకులూ హోర్డింగులెక్కాయి. చివరికి 2022లో దాన్ని ఇన్‌స్పైర్ పథకంలో కలిపేశారు. నీకేం తెలుసని అడిగే పరీక్షతో, తెలియనిదాని వెంట ఎవరు పడతారో కనిపెట్టగలమా?

అమెరికాలో ఉన్న మనవాళ్ళేమన్నా తీసిపోయారా? అక్కడ హైస్కూలు పిల్లలకి పరిశోధన అనుభవం డబ్బుకి అమ్మే దుకాణాలు వెలిశాయి. వేల డాలర్లు కడితే మెంటరు, పేపరు, అచ్చెయ్యడానికో జర్నలు. అమీర్‌పేట మెట్లే, కాకపోతే కార్పెట్ పరిచారు. పిల్లని "నీకు దేని గురించి తెలుసుకోవాలనుంది?" అని అడగరు. "ఏ టాపిక్ అయితే అడ్మిషన్‌కి బాగుంటుంది?" అని మెంటర్ని అడుగుతారు.

అకాడమీల వైపు మనవాళ్ళు వెళ్ళరనీ కాదు. హెచ్-1బి మీదున్న తండ్రికి ఆ దారి లేదు గానీ, అక్కడే పుట్టి పౌరసత్వం ఉన్న పిల్లలకి ఉంది. హైదరాబాద్ నుంచి చదువుకోసం అమెరికా వెళ్ళిన ఇంజినీరు గారబ్బాయి రాజా చారి 1999లో అక్కడి ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి ఆస్ట్రోనాటికల్ ఇంజినీరింగులో డిగ్రీ తీసుకున్నాడు, తర్వాత ఎమ్ఐటీలో మాస్టర్స్ చేశాడు, 2021లో క్రూ-3 కమాండరుగా అంతరిక్ష కేంద్రానికి వెళ్ళాడు. అప్పుడు "మనవాడే" అని మన పేపర్లన్నీ రాశాయి. మనవాడు చదివిన కాలేజీ ఎలాంటిది, అక్కడ ఏం నేర్పుతారు అని మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు మీరు వేసే అభ్యంతరాలు నాకు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

"పైన ఉన్న పదిశాతానికే కదా, మిగతావాళ్ళ సంగతేంటి?" న్యాయమైన మాట. మార్కుల గేటు నాకూ నచ్చదు. ప్రశ్న వేసే తెలివి మార్కులతో పాటే రావాలని రూలేం లేదు. ఇదే అనాపొలిస్‌లో 1873లో పాసైన ఆల్బర్ట్ మైకల్సన్‌కి కాంతిశాస్త్రంలో క్లాసులో మొదటి స్థానం, ఓడ నడిపే విద్యలో దాదాపు అట్టడుగు. నేవీకి కావలసిన విద్యలో వెనకబడ్డ ఆ మనిషే భౌతికశాస్త్రంలో 1907 నోబెల్ తెచ్చాడు. సైన్సులో అమెరికాకి అదే మొదటి నోబెల్. కాబట్టి గేటుని తిట్టండి, నేనూ వంతపాడతాను. కానీ గేటు దాటాక అడిగే ప్రశ్నని మాత్రం వదలొద్దు.

"వాళ్ళ దగ్గర డబ్బుంది." ఉంది. కానీ మైకల్సన్ కథే ఇంకాస్త వినండి. అదే అకాడమీలో పాఠాలు చెప్తూ 1878లో కాంతివేగం కొలిచే మొదటి ప్రయత్నం చేశాడు. క్లాసులో చూపించే సామానుకి తోడు తన జేబులోంచి పెట్టింది సుమారు 10 డాలర్లు. అది బాగా వచ్చాక మరుసటేడు మామగారు 2,000 డాలర్లిచ్చారు. అది చిన్న మొత్తం కాదు, కానీ మొదట పనిచేసి చూపించాకే వచ్చింది. 1879లో అతను తేల్చిన వేగం సెకనుకి 2,99,910 కిలోమీటర్లు. ఇవాళ మనం వాడే అంకె 2,99,792. తేడా నూటికి 0.04 వంతు. అప్పటికతనికి 26 ఏళ్ళు. మన కాలేజీల్లో ఒక్కొక్క ఆడిటోరియం మీద పెట్టిన ఖర్చుతో ఎన్ని 10 డాలర్ల అద్దాలొస్తాయో మీరే లెక్కేసుకోండి.

"అదంతా యుద్ధం కోసం చేసే పరిశోధన." ఇది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. నేవీ ధర్మసత్రం కాదు, తనకి పనికొచ్చే ఆఫీసర్లని తయారుచేసుకుంటోంది. రేపు ఆ కుర్రాడు కనిపెట్టింది ఎవరి మీద వాడతారో అన్న అనుమానం నాకూ ఉంది, ఉండాలి కూడా. కానీ ఒక్కసారి ఆలోచించండి. పై అధికారి మాట జవదాటకూడదనేదే పునాదిగా ఉన్న సంస్థకి కూడా, సముద్రం మధ్యలో ఎవరికీ తెలియని సమస్య వచ్చినప్పుడు విధేయత ఒక్కటే ఒడ్డుకి చేర్చదని అర్థమైంది. అందుకే ఏడాదికి పదిమందినైనా సరే, ఆజ్ఞలు లేని చోట వదిలి చూస్తోంది. యుద్ధం అవసరం లేని మన కాలేజీలకి అది అర్థం కాలేదు. "యెస్ సర్" అనే పిల్లలు నిజంగా ఎక్కడ తయారవుతున్నారో ఇప్పుడు చెప్పండి.

"ఇప్పుడు రిపోర్టులన్నీ ఏఐ రాసేస్తోంది కదా, ఇంకా ప్రపోజలేంటి?" సరిగ్గా అందుకే ప్రపోజల్. కోడు రాయడం, రిపోర్టు రాయడం చవకైపోయాక మిగిలేది ఏ ప్రశ్న అడగాలన్నదే. అమీర్‌పేటలో డబ్బిచ్చి కొన్నది ఇప్పుడు ఊరికే దొరుకుతోంది, అంతే తేడా. హాస్టల్లో రాత్రిపూట కెమెరా ఎందుకు పనిచెయ్యలేదో ఆ అమ్మాయి దీపం పట్టుకుని తిరిగి కొలవాల్సిందే.

మరి మనమేం చెయ్యాలి? ఉపన్యాసం వద్దు, చేతనయ్యే పనులు మూడు చెప్తాను.

ఒకటి, ఇంటర్వ్యూలో "ప్రాజెక్టు ఎక్స్‌ప్లెయిన్ చెయ్యి" అనడం మానేద్దాం. "నీ ప్రాజెక్టులో ఏది పనిచెయ్యలేదు, ఎందుకని నువ్వనుకుంటున్నావు?" అని అడుగుదాం. కొనుక్కున్నవాడు ఒక్క నిమిషంలో దొరికిపోతాడు. చేసినవాడు అరగంట మాట్లాడతాడు. మనం ఆ ప్రశ్న అడుగుతున్నామని తెలిస్తే రెండేళ్ళలో అమీర్‌పేట దుకాణాలే "పనిచెయ్యని మాడ్యూలు" కూడా కలిపి అమ్ముతాయేమో, అది వేరే సంగతి.

రెండు, పూర్వవిద్యార్థుల సంఘాల పేరుతో కాలేజీకి గేట్లు, ఆర్చీలు కట్టించడం ఆపుదాం. ఆ డబ్బుతో ఏడాదికి ఐదు ప్రపోజళ్ళకి తలా పాతికవేలు ఇద్దాం. షరతు ఒక్కటే. మూడు పేజీలు, అందులో ప్రశ్న ఉండాలి, అది విఫలమైతే ఏం చేస్తారో ఉండాలి. చదివి, నచ్చకపోతే కారణం రాసి తిప్పి పంపాలి. మొదటి ఏడాది ఐదుకి ఐదూ తిప్పి పంపాల్సొచ్చినా ఫరవాలేదు. తన ప్రపోజల్‌ని ఒకరు చదివి కాదన్నారన్నది ఆ పిల్లలకి కొత్త అనుభవం.

మూడు, ప్రతి కాలేజీ ఫైనలియర్ రిపోర్టులన్నీ ఎవరైనా చదివేలా బయట పెట్టాలని అడుగుదాం. అనాపొలిస్ రిపోర్టుకి నంబరేసి లైబ్రరీలో పెడుతుంది. మనవి బంగారు అక్షరాల బైండింగుతో బీరువాలో పడుంటాయి, తర్వాత పాతపేపర్లవాడి దగ్గరికెళ్తాయి. పక్కింటివాడు చదువుతాడని తెలిస్తే ఒకే రిపోర్టు మూడు కాలేజీల్లో ముగ్గురు పేర్లతో పుట్టదు.

వీటికి సైన్యం అక్కర్లేదు, అమెరికా అక్కర్లేదు, జీవో అంతకన్నా అక్కర్లేదు. ఈసారి క్యాంపస్ ఇంటర్వ్యూలకి వెళ్ళినప్పుడు ఎవరైనా "తెలీదు సర్" అంటే వెంటనే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోకండి. "మరి ఎలా తెలుసుకుంటావు?" అని అడిగి, ఐదు నిమిషాలు ఆగండి.